పాత పీసీ పాఠాలు – 6: ఎఫ్6 ఫ్లాపీ కంటే ముందు ఆ నంబరు సంగతి

పోయిన పాఠంలో ఇచ్చిన పని, అంటే ఎక్స్‌పీ ఎక్కించేటప్పుడు ఎఫ్6 నొక్కి ఇచ్చే ఫ్లాపీలో మీ డిస్కు కంట్రోలర్‌కి (డిస్కుని నడిపే చిప్) సరిపోయే డ్రైవర్ వెతకడం, చాలామందికి కుదరలేదు. వచ్చిన మెసేజ్‌లు దాదాపు అన్నీ ఒకటే చెబుతున్నాయి. డివైస్ మేనేజర్‌లో కంట్రోలర్ నంబరు రాసుకున్నారు, ఇంటెల్ డ్రైవర్ దించుకున్నారు, తీరా ఫ్లాపీలోని టీఎక్స్‌టీసెటప్.ఓఈఎం ఫైల్ (ఏ నంబరుకి ఏ డ్రైవరో ఎక్స్‌పీ సెటప్‌కి చెప్పేది) తెరిచి చూస్తే ఆ నంబరు లేదు. కొందరు అక్కడే ఆగారు. కొందరు ధైర్యం చేసి లిస్టులో దగ్గరగా కనిపించినదాన్ని ఎంచుకుని, ఎక్స్‌పీ సెటప్ సగంలో 7బీ నీలి తెర (బూట్ డిస్కు అందలేదని చెప్పే లోపం) చూశారు. ఇందులో మీ తప్పేమీ లేదు. నంబరు రాసుకోమన్నాను గానీ, బయోస్ ఏ మోడ్‌లో ఉండగా రాసుకోవాలో నేను చెప్పలేదు. డ్రైవర్‌ని ఎక్స్‌పీ సీడీలోనే కలిపేసే ఎన్‌లైట్ ప్రోగ్రామ్‌తో సీడీ తయారు చేసుకోవడం ఈ వారం చెబుదామనుకున్నాను, అది వచ్చే పాఠానికి జరుపుతున్నాను. ఈ ముడి విప్పకుండా అక్కడికి వెళ్తే అక్కడా ఇదే కాలికి తగులుతుంది.

ఆ నంబరు చిప్ పేరు అని మనం అనుకుంటాం. అది నిజానికి చిప్ ఇప్పుడు వేసుకున్న వేషం పేరు. బయోస్‌లో సాటా మోడ్ (చిప్ డిస్కుతో పని చేసే పద్ధతి: ఐడీఈ పాతది, ఏహెచ్‌సీఐ కొత్తది, రెయిడ్ కొన్ని డిస్కులు కలిపి వాడేది) మారిస్తే అదే చిప్, అదే బోర్డు, అదే డిస్కు ఉన్నా నంబరు మారిపోతుంది. 2007 ప్రాంతపు ల్యాప్‌టాప్‌లలో కనిపించే ఐసీహెచ్8ఎం అనే ఇంటెల్ చిప్ తీసుకోండి. ఐడీఈ మోడ్‌లో ఉంటే 2828 అని చెబుతుంది, ఏహెచ్‌సీఐలో పెడితే 2829 అంటుంది. దాని తర్వాతి ఐసీహెచ్9ఎం కూడా ఇంతే, 2928, 2929. డెస్క్‌టాప్ ఐసీహెచ్9ఆర్ ఐడీఈలో 2920, 2926 అని రెండు కంట్రోలర్లుగా విడిపోయి కనిపిస్తుంది, ఏహెచ్‌సీఐలో 2922 అనే ఒక్కటవుతుంది, రెయిడ్‌లో పెడితే 2822. వీటన్నిటి ముందూ ఉండే 8086 ఇంటెల్ కంపెనీది, అది మారదు.

ఇప్పుడు మీలో ఎక్కువమంది ఏం చేశారో చూడండి. మెషీన్‌లో అప్పటికే ఉన్న విండోస్ ఐడీఈ మోడ్‌లో నడుస్తోంది, అందులో డివైస్ మేనేజర్ తెరిచి 2828 అని రాసుకున్నారు. ఆ తర్వాత బయోస్‌లో ఏహెచ్‌సీఐ పెట్టారు. ఫ్లాపీలోని డ్రైవర్ ఏహెచ్‌సీఐ కోసం రాసింది, అందులో 2828 ఎందుకుంటుంది? ఒకరైతే ఫైల్లో 2829 కనిపించగానే అది టైపింగ్ తప్పేమో అనుకుని, నోట్‌ప్యాడ్‌లో దాన్ని 2828గా దిద్ది సేవ్ చేశారు. అలా దిద్దాక ఆ వరస ఆ కంట్రోలర్‌కి అతకదు. దయచేసి ఆ ఫైల్లో చెయ్యి పెట్టకండి, చదవడం వరకే.

చదివేటప్పుడు ఇంకో గుర్తు పట్టుకోండి. నంబరు ఉన్న వరస చివర సీసీ అని, దాని పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 0106 అంటే ఏహెచ్‌సీఐ, 0104 అంటే రెయిడ్, 0101 అంటే ఐడీఈ. మీ నంబరు దొరికి, పక్కన 0106 ఉంటే సరైన వరస దగ్గరే ఉన్నారు. నేనైతే డ్రైవర్ వెర్షన్ చూడటానికంటే ముందు ఇదే చూస్తాను. కొత్త వెర్షన్ అయితే మంచిదనే లెక్క ఇక్కడ పనికిరాదు, కొత్తవి వచ్చేకొద్దీ పాత చిప్‌ల నంబర్లు తీసేస్తూ పోయారు. ఐసీహెచ్8ఎం, 9ఎం ల్యాప్‌టాప్‌లకి నేను మ్యాట్రిక్స్ స్టోరేజ్ మేనేజర్ 8.9 దగ్గరే ఆగిపోయాను.

కాబట్టి పని చేసే క్రమం మార్చండి. ముందు బయోస్‌లోకి వెళ్లి మీరు ఉంచబోయే మోడ్ పెట్టండి, నంబరు ఆ తర్వాత. మోడ్ మార్చగానే పాత విండోస్ బూట్ కాదు, అదే 7బీ వస్తుంది. టెన్షన్ వద్దు, లోపల డేటాకి ఏమీ కాదు, వెనక్కి ఐడీఈ పెడితే మళ్లీ లేస్తుంది. మరి విండోస్ లేకుండా నంబరు ఎలా? ఏదైనా లైవ్ లైనక్స్‌తో బూట్ చేసి, టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ అని, ఒక ఖాళీ వదిలి, మైనస్ గుర్తు పెట్టి ఎన్‌ఎన్ అని చిన్న అక్షరాల్లో కొట్టండి. సాటా అన్న వరస చివర చదరపు బ్రాకెట్లలో 8086, దాని పక్కన మీకు కావాల్సిన నాలుగు అంకెలు ఉంటాయి.

జీ31, జీ41 బోర్డుల (ఇంటెల్ చిప్‌సెట్ ఉన్న పాత డెస్క్‌టాప్ బోర్డులు) వాళ్లకి ఒక మాట. ఆ రెండిటిలో సాధారణంగా ఉండేది మామూలు ఐసీహెచ్7, దానికి ఏహెచ్‌సీఐ లేనే లేదు (ఐసీహెచ్7ఆర్, 7ఎంలకి ఉంది). బయోస్‌లో ఎంత వెతికినా ఆ ఆప్షన్ కనపడదు, ఫ్లాపీ అవసరం కూడా లేదు. ఎక్స్‌పీ సీడీ పెట్టి నేరుగా ఎక్కించుకోండి. అసలు ఒక్క డిస్కుతో, పేజ్‌మేకర్, అను ఫాంట్ల కోసం మాత్రమే ఎక్స్‌పీ ఉంచుకున్న డీటీపీ మెషీన్ అయితే, బయోస్‌లో ఐడీఈ ఆప్షన్ ఉన్నంతవరకు అందులోనే వదిలేయమంటాను. ఈ పాఠం ఆ ఆప్షన్ ఇవ్వని ల్యాప్‌టాప్‌ల కోసం, ఏహెచ్‌సీఐలో ఉన్న విండోస్ 7 పక్కన ఎక్స్‌పీ కూడా కావాలనుకునేవాళ్ల కోసం.

ఇక ఎఫ్6. సీడీ నుంచి బూట్ అయ్యాక నీలి తెర అట్టడుగున ఒక తెల్ల వరస వస్తుంది, థర్డ్ పార్టీ స్కజీ లేదా రెయిడ్ డ్రైవర్ కావాలంటే ఎఫ్6 నొక్కమని. కొన్ని సెకన్లే ఉంటుంది. నొక్కాక తెర మీద ఏమీ మారదు, ఫైళ్లు వరసగా లోడ్ అవుతూనే ఉంటాయి. పని చేయలేదనుకుని రీస్టార్ట్ చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. కాసేపు ఆగండి, ఎస్ నొక్కమనే తెర వస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఎఫ్6కి బదులు వెలుతురు పెరగడమో సౌండ్ తగ్గడమో జరిగితే ఎఫ్‌ఎన్ కీ కలిపి నొక్కాలి.

ఎస్ నొక్కి ఫ్లాపీ ఇచ్చాక వచ్చే లిస్టులో నాలుగైదు పేర్లే కనిపిస్తాయి. లిస్టు అంతే అనుకోకండి, బాణం కీలతో పైకీ కిందకీ జరిపి చూడండి. ఫైళ్లు ఫ్లాపీలో నేరుగా ఉండాలి, ఫోల్డర్ లోపల కాదు. ఎంచుకోవడం అయిపోయింది కదా అని ఫ్లాపీ తీసేయకండి, ఫార్మాట్ తర్వాత ఐఏస్టోర్.సిస్ ఫైల్‌ని సెటప్ అదే ఫ్లాపీ నుంచి మళ్లీ కాపీ చేసుకుంటుంది. మెషీన్ రీస్టార్ట్ అయ్యేటప్పుడు తీయండి. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌లలో కొన్ని మోడళ్లనే ఎక్స్‌పీ సెటప్ గుర్తుపడుతుంది. మొదటిసారి తీసుకుని రెండోసారి కాపీ దగ్గర మొండికేస్తే మీ డ్రైవ్ ఆ కొన్నిటిలో లేదన్నమాట, వచ్చే పాఠం దాకా ఆగండి. పాత ఫ్లాపీ వాడుతుంటే ఇనప రేకుని వేలితో పక్కకి జరిపి లోపలి నల్ల బిళ్ల చూడండి. మబ్బు పట్టినట్టు తెల్లటి మరకలుంటే అది బూజు. అలాంటిదాన్ని డ్రైవ్‌లో పెడితే డ్రైవ్ హెడ్ కూడా మురికవుతుంది, పక్కన పడేయండి.

ఈసారి సాధన కొంచెం పెద్దదే, ఆదివారం పూట పెట్టుకోండి. మీ మెషీన్ మీద కాదు, వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ నడిపే ప్రోగ్రామ్). అందులోని సాటా కంట్రోలర్ ఐసీహెచ్8ఎం లాగే నటిస్తుంది, నంబరు 2829. ముందు డిస్కుని ఐడీఈకి తగిలించి ఎక్స్‌పీ ఎక్కించి, డివైస్ మేనేజర్‌లో నంబరు రాసుకోండి, 7111 రావాలి. తర్వాత ఇంకో కొత్త మెషీన్ చేసి, డిస్కుని సాటాకి, సీడీని ఐడీఈకి తగిలించి, ఎఫ్6 నొక్కకుండా మొదలుపెట్టండి, ఎక్కడ ఆగిందో రాయండి. మూడోసారి ఫ్లాపీ కంట్రోలర్ కలిపి, డ్రైవర్ ఉన్న ఫ్లాపీ ఇమేజ్ ఫైల్ పెట్టి, ఎఫ్6తో పూర్తిగా ఎక్కించండి. ఈ మూడూ అయ్యాక టీఎక్స్‌టీసెటప్.ఓఈఎం తెరిచి, 2829 ఉన్న భాగం తలకట్టు నుంచి లిస్టులో కనిపించే పేరు దాకా ఏ వరస ఏ వరసకి దారి తీస్తోందో కాగితం మీద చేత్తో గీయండి. నీలి తెర వస్తే స్టాప్ కోడ్‌తో పాటు దాని పక్కన బ్రాకెట్లలో ఉండే నాలుగు విలువలూ రాసి పంపండి. ఉత్త "7బీ వచ్చింది" అని రాస్తే నేను మళ్లీ మిమ్మల్నే అడగాల్సి వస్తుంది.