777 కొట్టినా ‘పర్మిషన్ డినైడ్’ వస్తుంటే

లినక్స్‌లో ‘సీహెచ్‌మాడ్ 777’ అంటే అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేయడం. మూడు అంకెలు వరసగా ఓనర్‌కి, గ్రూప్‌కి, మిగతావాళ్లకి. కమాండ్లను ఇక్కడ పలికినట్టే రాశాను. మీరు మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి.

లక్షణం: ఫైల్ ఉంది, మీకు తెరుచుకుంటోంది. ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ మాత్రం 403 (అనుమతి లేదు) ఇస్తోంది. అమీర్‌పేటలో కోర్సు చేస్తున్న పిల్లలు నాకు ఫోన్ చేసేది ఎక్కువగా దీనికే: “అన్నా, 777 కూడా కొట్టాను, ఐనా రావట్లేదు.” 777 ఇచ్చాక కూడా రాలేదంటే తప్పు ఆ ఫైల్‌లో లేదు. దయచేసి అక్కడ ఆగండి, ఇంకోసారి కొట్టకండి.

మొదట చూడాల్సింది: తెరుస్తున్నది ఎవరు? ఉబుంటులో వెబ్ సర్వర్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే యూజర్‌గా నడుస్తుంది. ‘సుడో -యు’ (వేరే యూజర్‌గా కమాండ్ నడిపేది) తర్వాత ఆ పేరు పెట్టి, అదే ఫైల్‌ని ‘క్యాట్’ చేయండి, అంటే తెరిచి చూడండి. అక్కడా ‘డినైడ్’ వస్తే సర్వర్‌కి అనుమతి లేనట్టే. పది సెకన్ల పని. దీన్ని వదిలేసి గంటలు పోగొట్టుకునేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

అసలు కారణం, చాలాసార్లు: దారి. డైరెక్టరీ (ఫోల్డర్) మీద ‘ఎక్స్’ అనుమతి అంటే రన్ చేయడం కాదు, లోపలికి దాటి వెళ్లడం. రూట్ (/) నుంచి ఫైల్ దాకా ఉన్న ప్రతి డైరెక్టరీకీ అది ఉండాలి. ఒక్కదానికి లేకపోయినా లోపలి 777కి విలువ లేదు. అపార్ట్‌మెంట్ గేటుకి తాళం ఉంటే ఫ్లాట్ తలుపు బార్లా తీసి ఏం లాభం?

నేనూ దెబ్బతిన్నాను. మాదాపూర్‌లో పనిచేసేటప్పుడు ఒక సైట్‌ని పాత సర్వర్ నుంచి కొత్తదానికి మార్చాం. ఫైళ్లు 644, ఫోల్డర్లు 755, ఓనర్ సరైనవాడే. పాతదాంట్లో నడిచిన స్క్రిప్టే, కొత్తదాంట్లో 403. రాత్రంతా కాన్ఫిగ్ తిరగేశాం. ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ల హోమ్ డైరెక్టరీ 755 కాకుండా 750తో వస్తుందని, అంటే మిగతావాళ్లకి ఎక్స్ లేదని, మా సైట్ ఆ హోమ్ లోపలే ఉందని తెల్లారాక తెలిసింది.

ఒకే కమాండ్ దీన్ని బయటపెడుతుంది: ‘నేమ్ఐ -ఎల్’, పక్కన ఫైల్ పూర్తి పాత్. దారిలో ప్రతి మెట్టు పర్మిషన్, ఓనర్, గ్రూప్ వరసగా వస్తాయి. ఎక్కడ ఎక్స్ లేదో కంటికే కనబడుతుంది.

పరిష్కారం: సైట్‌ని /వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ కిందికి మార్చడమే మేలు. కుదరకపోతే హోమ్‌కి ‘సీహెచ్‌మాడ్ ఓ+ఎక్స్’. లిస్టు ఎవరికీ కనబడదు గానీ దాటి వెళ్లే వీలు అందరికీ వస్తుంది. ఒక్క సర్వర్‌కే ఇవ్వాలంటే ‘సెట్‌ఎఫ్‌ఏసీఎల్’ వాడండి.

ఫోల్డర్లకి కూడా ‘-ఆర్’తో 644 కొట్టేశారా? ‘సీహెచ్‌మాడ్ -ఆర్’తోనే (ఈ ఆర్ పెద్దక్షరం) ‘యు=ఆర్‌డబ్ల్యూఎక్స్, జీఓ=ఆర్‌ఎక్స్’ కొట్టండి, కామా తర్వాత ఖాళీ లేకుండా. ఇందులో రెండు చోట్లా ఎక్స్ మాత్రం పెద్దక్షరం. అది ఫోల్డర్లకి ఎక్స్ ఇస్తుంది, మామూలు ఫైళ్లకి ఇవ్వదు.

మిమ్మల్ని గ్రూప్‌లో కొత్తగా చేర్చారా? లాగౌట్ అయి మళ్లీ రండి. చేర్చింది సర్వర్ యూజర్‌నైతే ఇంజిన్‌ఎక్స్‌ని రీస్టార్ట్ చేయండి. ఎస్‌ఈ లినక్స్ (పర్మిషన్ల మీద ఇంకో భద్రతా పొర) లాంటివి అరుదు, ఇవన్నీ చూశాకే.

హోమ్ మొత్తానికి 777 కొట్టేసి ఉంటే ఎస్‌ఎస్‌హెచ్ కీతో లాగిన్ ఆగిపోతుంది. తెరిచి ఉన్న సెషన్ మూయకుండానే హోమ్‌కి 750 (పైన చెప్పిన ఓ+ఎక్స్ కావాలంటే 751), డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700, లోపలి కీ ఫైళ్లకి 600 పెట్టేయండి.