చివరి మాట పిల్లలకు వదిలేయండి

శనివారం సాయంత్రం అయిదున్నరకు హైదరాబాద్ విద్యానగర్‌లోని మా అపార్టుమెంటు సెల్లార్‌లో, మోటారు గదికీ స్కూటర్ల వరుసకూ మధ్య చాప పరుస్తాను. రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా వయసున్న పిల్లలు ఎనిమిది మంది, ఒక్కోసారి పదకొండు మంది వస్తారు. వాళ్లకు అంత్యప్రాసతో, అంటే పాదాల చివరి మాటలు ఒకేలా మోగేలా నడిచే, నవ్వించే బొమ్మల పుస్తకాలు చదివి వినిపిస్తాను. నాలుగేళ్లుగా ఇదే నాకు ఇష్టమైన పని. అంతకుముందు 26 ఏళ్లు చిక్కడపల్లిలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను. అక్కడ ఒకరు కాపీ, అంటే మూల రాతప్రతి, పైకి చదువుతుంటే మరొకరు ప్రూఫు చూసుకునేవాళ్లం. కామా, ఫుల్‌స్టాప్, దీర్ఘం, వత్తు ఏదీ వదలకుండా పలకాలి. పిల్లల ముందు కూర్చున్న మొదటి నెలంతా అలాగే చదివాను. ఒక్క అక్షరం పొల్లు పోలేదు. పిల్లలు మాత్రం స్కూటర్ల అద్దాలలో తమ మొహాలు చూసుకుంటూ కూర్చున్నారు.

ఒకరోజు దగ్గు వచ్చి పాదం చివర ఆగిపోయాను. నేను గొంతు సవరించుకునేలోపు మూడేళ్ల పిల్లవాడు ఆ మిగిలిన మాట తానే అనేశాడు. మిగతావాళ్లంతా ఒక్కసారిగా ఇటు తిరిగారు. ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. ప్రాస పుస్తకంలో చివరి మాట వినేవాళ్లది. దాన్ని కూడా మనమే చదివేస్తే వాళ్లకు చేయడానికి పనేమీ మిగలదు. పుస్తకం ఎంచుకోవడం దగ్గర నుంచి దాన్ని చేతిలో పట్టుకోవడం దాకా నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క మాట వాళ్ల నోటికి అందేలా చేయడం కోసమే.

ముందు పుస్తకం సంగతి. కొట్లోనే నిలబడి రెండు పేజీలు పైకి చదవండి, మొహమాటం వద్దు. ప్రాస ఎక్కడ పడుతోందో చూడండి. తెలుగులో క్రియ వాక్యం చివరికి వస్తుంది కాబట్టి, ‘కుక్క వచ్చింది, పాలు తాగింది, తోక ఊపింది, ఇంటికి వెళ్ళింది’ అని ఎన్ని పాదాలైనా రాసుకుంటూ పోవచ్చు. అన్నీ ‘ఇంది’తో ముగుస్తాయి. చూడటానికి ప్రాసే. కానీ ‘తోక’ దగ్గర ఆగి పిల్లల వైపు చూస్తే వాళ్లేమీ అనలేరు. ఊపిందా, ముడిచిందా, కొరికిందా? ఏది అన్నా ‘ఇంది’ కలుస్తుంది కనుక చెవికి ఆధారం దొరకదు. అదే మొదటి పాదం ‘మేక’తో ముగిస్తే రెండో పాదానికి సరిపడే మాటలు నాలుగైదు మించి ఉండవు. చెవి వాటిలో వెతుక్కుంటుంది, బొమ్మ సాయం చేస్తుంది, మాట దొరుకుతుంది. దొరికిన ఆ క్షణంలోనే నవ్వు వస్తుంది. అందుకే నామవాచకాల మీద ప్రాస వేసిన పుస్తకాలనే నేను మొదట ఏరుకుంటాను.

అనువాదాల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ఇంగ్లీషులో మేకను గోట్ అంటారు, పడవను బోట్ అంటారు. ఆ రెండింటికీ ప్రాస కలిసింది కాబట్టే అక్కడి పుస్తకంలో మేక పడవెక్కింది. తెలుగులోకి వచ్చేసరికి బొమ్మలో మేక పడవలోనే ఉంటుంది కానీ ఎందుకు ఎక్కిందో చెప్పే ప్రాస ఉండదు. అలాంటి పుస్తకం బొమ్మలు బాగుంటే కొంటాను. ఇంటికి తెచ్చి మన మాటల్లో రెండు పాదాలు కట్టి, చిన్న చీటీ మీద రాసి ఆ పేజీలో అంటిస్తాను. పడవకు తెలుగులో చక్కటి జోడీ ఉంది:

మేకలు రెండూ ఎక్కెను పడవ
కిటికీ సీటుకు ఒకటే గొడవ!

పడవకు కిటికీ ఎక్కడిది అని అయిదేళ్లవాళ్లు నన్ను నిలదీస్తారు. సిటీ బస్సులో తాము పడే గొడవ మేకలు కూడా పడుతున్నాయని నాలుగేళ్లవాళ్లు నవ్వుతారు.

ఇలా మీరే రాయాలనుకుంటే నడక, అంటే లయ, చూసుకోండి. దాన్ని మాత్రల్లో, అంటే అక్షరం పలకడానికి పట్టే కాలంతో, కొలుస్తారు. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు, వత్తుకు ముందున్న అక్షరానికీ, సున్నా ఉన్న అక్షరానికీ రెండేసి. పై పాదాల్లో ‘మేకలు’, ‘రెండూ’, ‘ఎక్కెను’ ఒక్కొక్కటి నాలుగు మాత్రలు. ‘పడవ’ మూడే. ఆ మిగిలిన ఒక్క మాత్రలో ఊపిరి తీసుకోవచ్చు. లెక్కలు వద్దనుకుంటే చప్పట్లు కొట్టండి. పాదానికి నాలుగు చప్పట్లు తడబడకుండా పడితే పిల్లల నోట కూడా తడబడదు. ప్రాస కలిసినా నడక కుంటితే ఆ గేయం పిల్లలకు నోటికి రాదు. నా దృష్టిలో ప్రాస కన్నా నడకే ముఖ్యం.

కాగితం గురించి ప్రెస్సులో పనిచేసిన మనిషిగా ఒక మాట. బాగా మెరిసే కాగితం మీద ట్యూబులైటు పడితే పక్కన కూర్చున్న పిల్లలకు బొమ్మ బదులు తెల్లటి మరక కనిపిస్తుంది. మెరుపు తక్కువ కాగితం మేలు. పేజీల విషయానికి వస్తే, ఒక పెద్ద కాగితాన్ని మూడుసార్లు మడిస్తే 8 ఆకులు, అంటే 16 పేజీలు వస్తాయి. మధ్యలో పిన్నులు కొట్టిన పలుచటి పిల్లల పుస్తకాలు చాలావరకు అలా తయారైనవే. లోపలి టైటిలు, ముద్రణ వివరాలు పోను గేయానికి ఆరేడు జంట పేజీలు మిగులుతాయి. మూడేళ్ల పిల్లలకు ఒక విడతకు అది సరిగ్గా సరిపోతుంది. 32 పేజీల పుస్తకాన్ని నేను రెండు శనివారాలకు పంచుతాను.

మన నగరంలో వీటికోసం నేను తిరిగే చోట్లు మూడు. తార్నాకలో ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వారి దగ్గర తెలుగు పిల్లల పుస్తకాలు దొరుకుతాయి. సాధారణంగా డిసెంబరులో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో నేషనల్ బుక్ ట్రస్ట్ స్టాలు తప్పకుండా చూస్తాను. ఇక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్. అక్కడ పాత పుస్తకం తీసుకునే ముందు నడిమి పేజీ తెరిచి చూడండి. పిన్నుల నుంచి మొదట ఊడిపోయేది మధ్య కాగితమే, దానితోపాటు నాలుగు పేజీలు పోతాయి. పాదం సగంలో తెగితే అసలు కారణం అదే. డబ్బు ఖర్చు పెట్టలేనివారికి ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే ఆన్‌లైన్ వేదిక ఉంది. అందులో తెలుగు పుస్తకాలు కూడా ఉచితంగా దింపుకోవచ్చు, ముద్రించుకోవచ్చు. నేను మాత్రం ఫోనులో చూపించను. పేజీ తిప్పే చప్పుడు పిల్లలకు ఒక సైగ. ఆ చప్పుడు వినగానే ఏదో రాబోతోందని వాళ్లు సర్దుకుని కూర్చుంటారు.

ఒక రకం పుస్తకాన్ని ఎంత నడక ఉన్నా నేను తీసుకోను. లావుగా ఉన్నవాళ్లను, నల్లగా ఉన్నవాళ్లను, బట్టతలను, నత్తిని ఆటపట్టించే గేయాలు మనకు చాలా ఉన్నాయి. చాప మీద కూర్చున్న పిల్లల్లో ఎవరో ఒకరు అలా ఉంటారు. ప్రాస ఎంత తేలికగా నోటికి వస్తుందో అంత తేలికగా వదలదు. ఆ పిల్లకు బడి అయిపోయేదాకా అది పేరైపోతుంది. అదే కారణంగా పిల్లల పేర్ల మీద ప్రాస కట్టే ఆటను కూడా నేను ఆడించను. కాకి, ఎలుక, దోసకాయ, వానకు తడిసిన గొడుగు... నవ్వడానికి లోకంలో ఇంకెన్నో ఉన్నాయి.

ఇక చదవడం. ఇంట్లో ముందుగా మూడుసార్లు పైకి చదువుకోండి, చూడకుండా చెప్పగలిగే దాకా. పుస్తకం పిల్లల వైపు తిప్పి పట్టుకుంటాం కాబట్టి అక్షరాలు మనకు సరిగ్గా కనబడవు. ఎడమచేతి బొటనవేలు పుస్తకం కింది అంచున మధ్యలో, మిగతా వేళ్లు వెనక. పుస్తకం ఎత్తు మన గుండెకు తగినంత, అంతకన్నా పైకి వద్దు, మన నోరు వాళ్లకు కనబడాలి. పిల్లలు మాటను పెదవులు చూసి కూడా పట్టుకుంటారు. దీపం మన మొహం మీద, పుస్తకం మీద పడేలా కూర్చోండి. రెండేళ్లవాళ్లు ముందు, ఆరేళ్లవాళ్లు వెనక.

మొదటిసారి ఎక్కడా ఆగకుండా చివరిదాకా చదివేయండి. అర్థాలు చెప్పవద్దు, ప్రశ్నలు వేయవద్దు. చెవికి నడక ఎక్కాలి, అంతే. నేను చిన్నప్పుడు రేడియోలో బాలానందం విన్నదాన్ని. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, మా అందరికీ రేడియో అన్నయ్య, అక్కయ్య, నడిపిన కార్యక్రమం అది. బొమ్మ ఒక్కటి లేకుండా గొంతుతోనే మమ్మల్ని కూర్చోబెట్టేవారు. గొంతు మీద అంత నమ్మకం పెట్టుకోవచ్చు.

రెండోసారి చదివేటప్పుడు ప్రతి రెండో పాదం చివర ఆగండి. చార్మినార్ దగ్గరి గాజుల బజారు లాడ్‌బజార్‌కు వెళ్లిన మేక మీద నేనొక గేయం రాశాను. మా మూడో అంతస్తులో డిగ్రీ చదివే అమ్మాయి చార్టు కాగితం మీద దానికి బొమ్మలు వేసి పుస్తకం చేసింది. దానితో చెబితే తేలికగా తెలుస్తుంది:

లాడుబజారుకు వెళ్ళెను మేక
గాజుల కొట్టున వేసెను కేక
కొమ్ముల కేమో రెండే చాలు
తోకకు మాత్రం ఇరవై వేలు!

‘గాజుల కొట్టున వేసెను’ అని ఆగి, కనుబొమ్మలు ఎత్తి, మనసులో మూడు లెక్కపెడతాను. మూడు అంటే మూడే. అంతకన్నా ఎక్కువ ఆగితే అది పరీక్ష అవుతుంది. ఎవరూ అనకపోతే నేనే మెల్లగా అనేసి ముందుకు వెళ్తాను. ఒక శనివారం ఒక పిల్ల ‘కేకు!’ అంది. తప్పు అనలేదు నేను. పక్కనున్నవాడు వెంటనే, “అమ్మమ్మా, మరి మేక కేకు తినేసిందా?” అని అడిగాడు. “తిని ఉంటుంది నాన్నా, గాజులు కొనడానికి డబ్బు మిగలలేదేమో” అన్నాను. తరువాతి వారం నుంచి మా గేయంలో కేక ఒకసారి, కేకు ఒకసారి వస్తాయి.

‘ఇరవై’ దగ్గర ఆగినప్పుడు ఇంకా మంచి సంగతి జరిగింది. ఒక బుజ్జివాడు ‘వేలు!’ అంటూ తన చూపుడు వేలు పైకెత్తాడు. నేను రాసినది వేల లెక్క, వాడు విన్నది చేతి వేలు. రెండూ సరైనవే. ఇప్పుడు ఆ మాట రాగానే పదకొండు వేళ్లూ లేస్తాయి. బక్రీదుకు ముందు మా వీధిలో మేకలను కడతారు కనుక మేక తోక ఎంత పొట్టిదో వీళ్లందరికీ తెలుసు. దానికి ఇరవై వేల గాజులు అనేసరికి ఆరేళ్లవాళ్లు చాప మీద పొర్లుతారు.

మా వాచ్‌మన్ కూతురికి నాలుగేళ్లు. ఇంట్లో ఒడియా మాట్లాడతారు. మొదటి రెండు వారాలు తల్లి కొంగు వదలలేదు. మూడో వారం నేను ‘వేసెను’ అని ఆగగానే, అందరికన్నా ముందు, గట్టిగా ‘కేక!’ అంది. ఆ మాటకు అర్థం ఆమెకు తెలియదు. ‘మేక’ విన్నది, దాని జోడీని చెవితో పట్టుకుంది. ఇంట్లో తెలుగు లేని పిల్లలు పక్కింట్లో ఉంటే వాళ్లనూ పిలవండి. ప్రాస వాళ్లకు చాలా దగ్గరి దారి. అర్థం నెమ్మదిగా, బొమ్మ చూసి, తోటివాళ్లను చూసి వస్తుంది.

వయసును బట్టి కొద్దిగా మార్చుకోవాలి. రెండేళ్లవాళ్లకు పాదాలకన్నా దబదబ, గలగల, టపటప వంటి జంట మాటలు కావాలి, వాటిని చేతులతో కలిపి చెప్పండి. ఆరేళ్లవాళ్లకు మీరు కావాలని తప్పు చదవాలి. ‘లాడుబజారుకు వెళ్ళెను ఏనుగు’ అనండి, ప్రాస చెడిందని వాళ్లే అరుస్తారు. ‘ఏనుగు అయితే తరువాతి పాదం ఏమవ్వాలి?’ అని వదిలేస్తే పది నిమిషాలు వాళ్లలో వాళ్లు తేల్చుకుంటారు.

చదివాక నీతి అడగవద్దు. కొందరు తల్లిదండ్రులు పక్కన నిలబడి, “ఏం నేర్చుకున్నావో ఆంటీకి చెప్పు” అంటారు. అప్పటిదాకా వెలిగిన మొహం ఆ ప్రశ్నకు ముడుచుకుపోతుంది. వాళ్లను పక్కకు పిలిచి, “ఇంటికి వెళ్లాక మళ్లీ చదవమని అడిగితే చదవండి చాలు” అని చెబుతాను. అదే పుస్తకాన్ని వరసగా నాలుగు వారాలు అడిగినా చదవండి. మనకు విసుగు పుట్టే సమయానికే వాళ్లకు అది సొంతమవుతుంది.

ఇంతగా చదివితే పుస్తకం చిరుగుతుంది. పిన్ను కొట్టిన పుస్తకంలో మొదటి ఆకు, చివరి ఆకు ఒకే కాగితం. ఒకటి చిరిగితే రెండోది వదులవుతుంది. కాబట్టి లోపలి వైపు నుంచి మడత పొడవునా పారదర్శక టేపు అంటించండి. మా పడవ పుస్తకానికి ఆ పని చేయడంలో ఆలస్యమైంది, చివరి ఆకు ఎక్కడో పోయింది. అయినా ప్రతి నెలా దాన్ని తీసుకువెళ్తాను. ఆ ఆకు ఉండవలసిన చోటికి వచ్చేసరికి లోపలి అట్ట చూపించి ఊరుకుంటాను. తెల్లటి ఆ అట్టను చూస్తూ, బొమ్మ అక్కడే ఉన్నట్టు, పిల్లలంతా కలిసి రెండు పాదాలూ చెప్పేస్తారు.