పెళ్లి ప్రయాణానికి ముందు దారిలోని ఛార్జర్లను చూసి రావడం ఎలా?

రెండేళ్ల కిందట మా ఎలక్ట్రిక్ కారులో రాజమండ్రి నుంచి విశాఖ వస్తున్నాం. వెనక సీట్లో మా అత్తయ్య, ఆవిడ ఒళ్లో పూతరేకుల డబ్బా. బ్యాటరీ 6 శాతం. తుని దగ్గర ఒక హోటల్లో ఛార్జర్ ఉందని యాప్ పచ్చ చుక్క చూపిస్తోంది కాబట్టి ధీమాగా ఉన్నాను. తీరా వెళ్లి చూస్తే ఛార్జర్‌కి నీలం పట్టా కప్పి తాడుతో కట్టేశారు. పట్టా నీడలో పిల్లి పడుకుని ఉంది. వాచ్‌మన్ వచ్చి, "ఇది పాడై ఇరవై రోజులైందండి. మీలాగే రోజూ ఒకరిద్దరు వచ్చి చూసి వెళ్తున్నారు" అన్నాడు.

హోటల్ ఓనర్ మంచివాడు. వంటగది పక్కనున్న 15 ఆంపియర్ల ప్లగ్ ఇచ్చాడు. గంటన్నర కూర్చుంటే నాలుగున్నర యూనిట్లు ఎక్కాయి. అవతలి ఛార్జర్ ముప్పై కిలోమీటర్లు. ఏసీ ఆపేసి, యాభై మీద లారీల వెనకాలే పోయి దాన్ని అందుకున్నాం. "ఎడ్లబండి అయితే ఈపాటికి ఇంట్లో ఉండేవాళ్లం నాయనా" అంది అత్తయ్య. ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో చెల్లుబాటులో ఉంది.

అప్పటినుంచి ఒక అలవాటు చేసుకున్నాను. ఇంటిల్లిపాదినీ తీసుకుని వెళ్లాల్సిన ప్రయాణం ఏదైనా ఉంటే, దానికి రెండు మూడు వారాల ముందు ఒక ఆదివారం ఒక్కణ్నే ఆ దారిన వెళ్లి, కనిపించిన ప్రతి ఫాస్ట్ ఛార్జర్ దగ్గరా ఆగి చూసి వస్తాను. పెళ్లికూతురి ఇల్లు చూడడానికి వెళ్లినట్టే. ఇదెలా చేయాలో వరసగా చెబుతాను.

ముందు మీ కారు లెక్క తేల్చుకోండి

బ్రోషర్లో రాసిన కిలోమీటర్లు మర్చిపోండి. అవి పరీక్షశాలలో తేల్చినవి. మాది 40 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు. హైవే మీద ఎనభై, తొంభై మధ్య నడిపితే యూనిట్‌కి ఆరు, ఆరున్నర కిలోమీటర్లు వస్తుంది. అంటే ఫుల్ ఛార్జికి 250 అనుకోవచ్చు. నలుగురు మనుషులు, సూట్‌కేసులు, మే నెల ఏసీ కలిస్తే 230 అనుకోవడం మంచిది. వంద మీద పోతే ఇంకా తగ్గుతుంది. గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి ఎనభై మీద ఉన్నదానికంటే వంద మీద ఆ అడ్డు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. మీ కారుకి ఎంత వస్తుందో తెలియకపోతే ఆనందపురం నుంచి శ్రీకాకుళం వైపు ఒకసారి వెళ్లి వచ్చి, మీటర్లో చూపించే సగటు రాసుకోండి.

రెండో లెక్క, మీ కారు ఎంత కరెంటు తీసుకోగలదన్నది. కారు 50 కిలోవాట్ల వరకే తీసుకోగలిగితే 120 కిలోవాట్ల గన్ (ఛార్జర్ నుంచి వచ్చి కారుకి తగిలించే పెద్ద ప్లగ్) పెట్టినా 50కి మించి రాదు. అలాంటప్పుడు పెద్ద ఛార్జర్ కోసం పదిహేను కిలోమీటర్లు పక్కకి పోవడం దండగ.

మొదటి ఆదివారం ఎంత దూరం?

మీ నిజమైన రేంజిలో, అంటే ఫుల్ ఛార్జికి నిజంగా వచ్చే దూరంలో, సగం దాటకండి. దారిలో ఒక్క ఛార్జరూ పని చేయకపోయినా ఇంటికి తిరిగి రాగలగాలి, అప్పుడే టెన్షన్ లేకుండా అన్నీ చూడగలం. విశాఖ నుంచి విజయవాడ వైపు అయితే నా సలహా అన్నవరం. అటు సుమారు 120, ఇటు 120. మా కారుకి ఇది కటాకటి, అందుకే తిరుగు దారిలో కాస్త ఛార్జి ఎక్కించుకుంటాను. పైగా అన్నవరం ప్రసాదం ఇంటికి తెస్తే ఆదివారం పొద్దున్నే ఎక్కడికి పోయారని ఎవరూ అడగరు.

పండగ రోజుల్లో వెళ్లకండి. సంక్రాంతికి హైదరాబాద్ కార్లన్నీ కోస్తాలోనే ఉంటాయి. ఒక్కో గన్ దగ్గర మూడేసి కార్లు వరసలో ఉంటే చూడడానికి ఏమీ ఉండదు.

ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని

శనివారం రాత్రి ఒక గంట దీనికే పెట్టుకోండి. ఛార్జర్లు ఎక్కడున్నాయో చూపించే ప్లగ్‌షేర్ యాప్‌లోనూ గూగుల్ మ్యాప్స్‌లోనూ దారి పొడవునా వెతికి, కనీసం ఆరు స్టేషన్లు ఎంచుకోండి. చుక్క రంగు చూసి మోసపోకండి, కింద జనం రాసిన వ్యాఖ్యలు చదవండి. చివరిగా ఎవరైనా ఎప్పుడు ఛార్జి చేసుకున్నారన్నది ముఖ్యం. నాలుగు నెలలుగా ఒక్కరూ ఏమీ రాయలేదంటే నేను దాన్ని పాడైనదాని కిందే లెక్కేస్తాను.

తర్వాత ఆ స్టేషన్లు ఏయే కంపెనీలవో చూసి, వాళ్ల యాప్‌లు ఇంట్లోనే వైఫై మీద దింపుకోండి. టాటా పవర్, స్టాటిక్, జియో-బీపీ, జియాన్ ఇలా ఎవరిది వాళ్లదే. రిజిస్ట్రేషన్, ఓటీపీ, కారు వివరాలు అన్నీ అప్పుడే పూర్తి చేయండి. వాలెట్ అడిగేవాటిలో రెండు మూడు వందలు వేసుకుంటే చాలు. హైవే పక్కన ఎండలో నిలబడి, సిగ్నల్ ఒక్క గీత ఉన్న చోట ఓటీపీ కోసం ఎదురుచూడడం కంటే చికాకు ఇంకోటి లేదు. రేటు చూసేటప్పుడు జీఎస్టీ కలిపారో లేదో చూడండి. యూనిట్ 20 రూపాయలని రాసి ఉంటే, 18 శాతం పన్ను పడ్డాక అది 23 రూపాయల 60 పైసలు.

కారుని వంద శాతం ఛార్జి పెట్టి, టైర్లలో గాలి డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద రాసినంత ఉందో లేదో చూసుకుని పడుకోండి.

వెళ్లేటప్పుడు చూపు, వచ్చేటప్పుడు ఛార్జింగ్

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఎంత మంచి ఛార్జర్ అయినా నీరసంగానే కనిపిస్తుంది. ఎనభై శాతం దాటాక కారే కరెంటు తగ్గించుకుంటుంది. మొదటిసారి నేను అనకాపల్లి దాటీ దాటగానే 85 శాతం మీద గన్ పెట్టి, "18 కిలోవాట్లే వస్తోంది, చెత్త ఛార్జర్" అని రాసుకున్నాను. పాపం దాని తప్పేం లేదు.

అందుకని వెళ్లేటప్పుడు ఒక్కో చోట పది నిమిషాలు ఆగండి. గన్ పెట్టి ఛార్జింగ్ మొదలవుతుందో లేదో చూసి, రెండు నిమిషాలకి ఆపేయండి. అసలు వేగం ఎంతన్నది వచ్చేటప్పుడు, బ్యాటరీ యాభై లోపు ఉన్నప్పుడు చూడండి. అప్పుడు పది నిమిషాలు పెడితే మా కారుకి ఐదారు యూనిట్లు ఎక్కుతాయి. మూడు చోట్ల అలా ఆగితే దాదాపు వంద కిలోమీటర్లకు సరిపడా వస్తుంది, కటాకటి గొడవ ఉండదు.

గన్ దగ్గర

మన కార్లకి డీసీ ఛార్జింగ్‌కి, అంటే ఫాస్ట్ ఛార్జింగ్‌కి, వాడే సీసీఎస్-2 రకం గన్ బరువుగా ఉంటుంది, కేబుల్ ఇంకా బరువు. కొత్తవాళ్లకి "కనెక్షన్ ఫెయిల్" అని రావడానికి సగం కారణం ఈ బరువే. గన్ లోపలికి నెట్టి వదిలేస్తే కేబుల్ కిందికి లాగుతుంది, పిన్నులు సరిగా కూర్చోవు. ఒక చేత్తో గన్ వెనక భాగాన్ని కాస్త పైకి ఎత్తిపట్టి, ఇంకో చేత్తో యాప్‌లో స్టార్ట్ నొక్కండి. లోపల లాక్ టక్కుమని పడేదాకా వదలకండి. ఆ చప్పుడు చెవికి అలవాటైతే స్క్రీన్ చూడక్కర్లేదు.

అయినా మొదలవకపోతే ఛార్జర్ మీద ఎర్ర బటన్ ఎవరైనా నొక్కి వదిలేశారేమో చూడండి. పిల్లలు నొక్కిపోతారు. దాన్ని తిప్పితే పైకి వస్తుంది. ఇంకా కాకపోతే కారు లాక్ చేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ తెరిచి ప్రయత్నించండి. మూడోసారికీ కాకపోతే వదిలేసి పుస్తకంలో రాసుకోండి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అరగంట పోగొట్టుకోవడం అసలు ప్రయాణంలో తప్పదేమో గానీ, ఈరోజు అవసరం లేదు.

రెండు గన్‌లున్న 60 కిలోవాట్ల ఛార్జర్ చాలా చోట్ల రెండో కారు వస్తే ముప్పై, ముప్పై పంచుతుంది. పక్కన కారు ఉన్నప్పుడు వచ్చిన అంకె, లేనప్పుడు వచ్చిన అంకె వేరువేరుగా రాయండి.

పుస్తకంలో ఏం రాయాలి?

నేను ఫోన్లో రాయను. వంద పేజీల నోటుబుక్కు, ఒక్కో స్టేషన్‌కి ఒక పేజీ. అన్నిటికంటే ముందు రాయాల్సింది ఛార్జర్ హైవేకి ఏ పక్కన ఉందన్నది. పదహారో నంబరు హైవే మధ్యలో డివైడర్ ఉంటుంది. విజయవాడ వెళ్లే వాళ్లకి కుడి పక్కనున్న ఛార్జర్ కళ్లెదుటే కనిపిస్తూ ఉంటుంది, దాని దగ్గరకి చేరాలంటే ముందుకెళ్లి యూటర్న్ తీసుకుని రావాలి, మళ్లీ వెనక్కి అంతే. మ్యాప్‌లో ఇది తెలియదు. వెళ్లేవైపువి, వచ్చేవైపువి నేను వేరే రంగు పెన్నుతో రాస్తాను.

ఆ తర్వాత: స్క్రీన్ మీద నిజంగా వచ్చిన కిలోవాట్లు, బాత్రూం ఎలా ఉంది (ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఉంటే ఇదే అసలు విషయం), రాత్రి లైటు ఉంటుందా, టీ దొరుకుతుందా. కరెంటు పోతే జనరేటర్ ఛార్జర్‌కి కూడా ఇస్తుందా అని అడగండి, చాలా చోట్ల ఇవ్వదు. చివరగా అక్కడి వాచ్‌మన్‌నో బంకు కుర్రాణ్నో పలకరించండి. "బాబూ, ఇది రోజూ పనిచేస్తుందా?" అంటే, "రాత్రిళ్లు బాగానే పనిచేస్తాదండి, మధ్యాన్నం వేడికి ఆగిపోతాది" అని ఏ యాప్‌లోనూ లేని సంగతి చెబుతాడు. ఇష్టమైతే హోటల్ నంబరు తీసుకోండి. అసలు రోజున బయల్దేరే ముందు ఒక్క ఫోన్ కొడితే సరిపోతుంది.

అరకు వైపైతే లెక్క వేరు

అరకు దూరం సుమారు 115 కిలోమీటర్లే, కానీ 900 మీటర్ల పైచిలుకు ఎత్తు ఎక్కాలి. మనుషులతో కలిపి 1,800 కిలోల బండిని అంత ఎత్తుకి లేపడానికే దాదాపు నాలుగున్నర యూనిట్లు పోతాయి. మామూలు దూరం ఖర్చుకి ఇది అదనం, అంటే మా కారుకి ఇంకో 11 శాతం. దిగేటప్పుడు మోటార్ బ్రేకింగ్‌తో అందులో చాలా భాగం తిరిగి వస్తుంది. అయితే పైన వంద శాతం నింపుకుని ఘాట్ దిగడం మొదలుపెట్టకండి. నిండిన బ్యాటరీలో తిరిగి వచ్చే కరెంటుకి చోటుండదు, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. పైన ఎనభై దగ్గర ఆపేయడం మేలు.

అసలు ప్రయాణం

మొన్న విజయవాడలో మా బావమరిది పెళ్లికి వెళ్లాం. దూరం సుమారు 350. అంతకుముందు ఒక ఆదివారం అన్నవరం దాకా, ఇంకో ఆదివారం రావులపాలెం దాకా చూసి వచ్చాను. రెండోసారి రేంజిలో సగం దాటినా ఫరవాలేదు, అన్నవరం దాకా ఎక్కడ ఏది పనిచేస్తుందో అప్పటికే తెలుసు.

పొద్దున్న ఐదున్నరకి వంద శాతంతో మద్దిలపాలెంలో బయల్దేరాం. అన్నవరం దగ్గర 48 శాతంతో ఆగి, టిఫిన్లు తినేలోగా 78 చేశాం. రావులపాలెం దగ్గర 34తో దిగి, భోజనాలయ్యేసరికి 87. మొదట అనుకున్న చోట గన్ ఖాళీ లేదు. నోటుబుక్కులో రెండో పేరు చూసుకుని అక్కడికి వెళ్లాం, అంతే. ఎనభై దాటాక ఆగకూడదన్న మర్యాద మామూలుగా పాటిస్తాను, ఆరోజు వెనక ఎవరూ లేరు. విజయవాడలో దిగేసరికి 30 శాతం మిగిలింది.

అత్తయ్య దారంతా నిద్రపోయింది. బెంజి సర్కిల్ దగ్గర లేచి, "ఈసారి ప్లగ్గు కోసం వంటింట్లోకి వెళ్లలేదేంటి?" అని అడిగింది.