క్యాట్‌నిప్‌కు పిల్లి స్పందించకపోతే, అతిగా స్పందిస్తే: సమస్యలు - పరిష్కారాలు

క్యాట్‌నిప్ పుదీనా, తులసి మొక్కల కుటుంబానికి చెందినది. దీని శాస్త్రీయ నామం నెపెటా కటారియా. దీని ఆకుల్లో తేలికగా ఆవిరైపోయే నెపెటలాక్టోన్ అనే పదార్థం ఉంటుంది. ఆ వాసన ముక్కుకు సోకగానే పిల్లి బుగ్గలు రుద్దడం, తల విదిలించడం, చొంగ కార్చడం, నేల మీద పొర్లడం మొదలుపెడుతుంది. ఇదంతా వాసన వల్ల జరిగేదే తప్ప తినడం వల్ల జరిగేది కాదు కాబట్టి, ఈ ఆకు పొడి నింపి అమ్మే బొమ్మ పనిచేయడం లేదని అనిపించిన ప్రతిసారీ ముందుగా చూడవలసింది ఆ వాసన పిల్లిని చేరుతోందా లేదా అన్నదే.

సమస్య: పిల్లి ఒకసారి వాసన చూసి వెళ్లిపోతోంది

ఇది అందరూ అడిగే సమస్య, కారణాలు ఎక్కువగా ఉన్నది కూడా దీనికే. చాలామంది వెంటనే పిల్లిలోనే లోపం ఉందనుకుంటారు గానీ, నా ఉద్దేశంలో పరీక్ష బొమ్మతోనే మొదలు కావాలి. తక్కువ ధరకు దొరికే బొమ్మలో ఒక పక్క కుట్టు విప్పి చూడండి: లోపల అంతా పాలిస్టర్ దూది, దాని మధ్య వెలిసిపోయిన గడ్డిరంగులో కాస్త పొడి, కొన్ని కాడల ముక్కలు కనబడవచ్చు. నెపెటలాక్టోన్ ఉండేది ఆకుల్లోను, పూత కొనల్లోను. కాడల్లో చాలా తక్కువ. ఆ పొడిని అరచేతిలో వేసుకుని రెండో చేత్తో గట్టిగా నలపండి. పుదీనాను గుర్తుకు తెచ్చే ఘాటు మీ ముక్కుకు కూడా తగిలితే సరుకు బాగున్నట్టే. ఎండుగడ్డి వాసన మాత్రమే వస్తే ఆ బొమ్మను బట్టి మీ పిల్లి గురించి ఏమీ నిర్ణయించలేము. విడిగా దొరికే మంచి ఆకు కొని, చిటికెడు నలిపి, ఉతికిన పాత సాక్సులో వేసి ముడి కట్టి ఇచ్చి చూడండి.

సరుకు మంచిదైనా స్పందన లేకపోతే వయసు చూడాలి. మూడు నెలల లోపు పిల్లికూనలు సాధారణంగా దొర్లవు. చాలా పిల్లుల్లో స్పందన మూడు నుంచి ఆరు నెలల మధ్య బయటపడుతుంది. కూన పెరిగేదాకా ఆగడం తప్ప దీనికి వేరే మార్గం లేదు, అవసరమూ లేదు. ముసలి పిల్లుల్లో స్పందన మందగించడం కూడా మామూలే.

తరువాత చూడవలసింది సమయం, చోటు. కొత్త ఇంటికి మారిన వారంలో, చుట్టాలు వచ్చి సందడిగా ఉన్నప్పుడు, ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజున భయంతో ఉన్న పిల్లికి ఏ వాసనా పట్టదు. అది రోజూ నిశ్చింతగా పడుకునే గదిలో, తలుపు దగ్గరగా వేసి, మీరు కాస్త దూరంగా కూర్చుని గమనించాలి.

ఆ గమనించడంలో కూడా ఒక పొరపాటు జరుగుతుంటుంది. వీడియోల్లో దొర్లే పిల్లులను చూసినవారికి, పొట్ట నేలకు ఆనించి, ముందుకాళ్లు చాచి, బొమ్మ పక్కనే కదలకుండా కూర్చున్న పిల్లి ఏమీ స్పందించనట్టే కనిపిస్తుంది. నిజానికి అదీ ఒక స్పందనే. పరిశోధకులు దీనిని నిశ్చల స్పందనగా లెక్కిస్తారు, పెద్ద పిల్లులు కొన్ని ఇంతకు మించి ఏమీ చేయవు. అలాంటి పిల్లి విషయంలో పరిష్కరించవలసిన సమస్యే లేదు.

పైవన్నీ సరిచూసినా ఫలితం లేకపోతే అది పుట్టుకతో వచ్చిన లక్షణమని తీసుకోవాలి. 1962లో నీల్ టాడ్ అనే శాస్త్రవేత్త ఈ స్పందన వంశపారంపర్యంగా వస్తుందని చూపించాడు. ఒక జన్యువుతోనే తేలిపోయే విషయం కాదని తరువాతి పరిశీలనలు చెబుతున్నాయి. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో వంద పిల్లులకు వేరువేరు మొక్కలు ఇచ్చి చూడగా, క్యాట్‌నిప్‌కు సుమారు మూడింట రెండు వంతులు, సిల్వర్ వైన్ అనే తీగ కాయల పొడికి దాదాపు ఎనభై శాతం స్పందించాయి. అంతకన్నా పనికివచ్చే సంగతి ఏమిటంటే, క్యాట్‌నిప్‌ను పట్టించుకోని పిల్లుల్లో నాలుగింట మూడు వంతులు సిల్వర్ వైన్‌కు స్పందించాయి. కాబట్టి ఇక్కడ పరిష్కారం మోతాదు పెంచడం కాదు, మొక్కను మార్చడం.

సిల్వర్ వైన్‌ను జపాన్‌లో మతాతాబి అంటారు. అక్కడి ఇవాటే విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇందులో నెపెటలాక్టోల్ అనే పదార్థాన్ని గుర్తించి, దాని వాసన తగిలిన పిల్లుల రక్తంలో హాయిని కలిగించే ఎండార్ఫిన్ అనే పదార్థం పెరుగుతోందని, ఆ ప్రభావాన్ని అడ్డుకునే మందు ఇస్తే పిల్లి దొర్లడం మానేస్తోందని 2021లో ప్రకటించారు. మొహానికి, తలకు ఆ పదార్థాన్ని రుద్దుకున్న పిల్లులపై దోమలు తక్కువగా వాలడం కూడా వారు చూశారు. ఇది పొడిగాను, పుల్లలుగాను ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పుల్లలను పిల్లి కొరికి పీచులు పీచులుగా చేస్తుంది గనుక, పేళ్లు లేవగానే పాత పుల్లను పారేయాలి.

మన పెరళ్లలో కలుపుగా మొలిచే కుప్పింటాకు గురించి కూడా ఇక్కడ చెప్పాలి. ఆ మొక్కను పీకితే బయటపడే వేరు వాసనకు చాలా పిల్లులు క్యాట్‌నిప్‌కు లాగానే దొర్లుతాయి. అయితే ఆ మొక్కలో సయనైడ్‌ను విడుదల చేయగల పదార్థం ఉంది. వేరును పిల్లి నమిలి మింగకుండా పక్కనే కూర్చుని కాపలా కాయలేనివారు ఈ ప్రయోగం జోలికి పోకపోవడమే మంచిది.

సమస్య: కొత్తలో బాగా ఆడిన బొమ్మను ఇప్పుడు ముట్టుకోవడం లేదు

దీనికి ముఖ్య కారణం వాసన ఆవిరైపోవడం. తెలుగు ప్రాంతాల వేసవిలో కిటికీ గట్టు మీదో, బాల్కనీలోనో పడి ఉన్న బొమ్మ త్వరగానే ఉత్త గుడ్డ మూటగా మిగులుతుంది. రోజంతా కళ్ల ముందే ఉండే వస్తువు మీద పిల్లికి మోజు తగ్గడం మరో కారణం.

బొమ్మను ఆడించే సమయంలోనే బయటికి తీసి, అయిపోగానే దాచేయాలి. గాలి చొరబడని గాజు సీసాలో రెండు చెంచాల ఎండు ఆకు వేసి, బొమ్మలను అందులోనే పెట్టి గట్టిగా మూత బిగిస్తే కొన్ని రోజుల్లో వాటికి మళ్లీ వాసన పడుతుంది. మిగిలిన ఆకును డీప్ ఫ్రీజర్‌లో ఉంచవచ్చు. పొడి మార్చుకునేందుకు జిప్పు గాని అతుకు పట్టీ గాని ఉన్న బొమ్మ కాస్త ఖరీదైనా కొనడం మేలు. వానాకాలంలో ఒక జాగ్రత్త అదనం: చొంగతో తడిసిన బొమ్మను అలాగే సీసాలో పెడితే బూజు పడుతుంది. ముందుగా ఫ్యాను గాలికి బాగా ఆరనివ్వాలి, బూజు వాసన వస్తే పారేయాలి.

సమస్య: పది నిమిషాలు ఆడి ఒక్కసారిగా ఆపేసింది, మళ్లీ ఇచ్చినా చూడటం లేదు

ఇది లోపం కాదు. ప్రభావం అయిదు నుంచి పదిహేను నిమిషాల వరకు ఉంటుంది. ఆ తరువాత అరగంట నుంచి రెండు గంటల వరకు అదే వాసన దానికి పట్టదు. ఆ వ్యవధిలో ఇంకాస్త పొడి చల్లితే సరుకు దండగ తప్ప ప్రయోజనం లేదు. వారానికి ఒకటి రెండుసార్లు ఇస్తే సరిపోతుంది.

సమస్య: క్యాట్‌నిప్ ఇవ్వగానే రక్కుతోంది, ఇంట్లోని రెండో పిల్లి మీద పడుతోంది

కొన్ని పిల్లుల్లో, ముఖ్యంగా మామూలుగానే దూకుడుగా ఉండే వాటిలో, ఈ ఉద్రేకం వేట ఆటగా మారుతుంది. అది వెల్లకిలా పడి ఉన్నప్పుడు ముద్దొస్తోందని పొట్ట నిమిరితే, ముందుకాళ్లతో చేతిని బిగించి వెనుకకాళ్లతో తన్నడం ఖాయం. ఆ కాసేపు చేతులు దూరంగా పెట్టుకుని, తన్నడానికి వీలైన మూరెడు పొడవు గుడ్డ బొమ్మను దాని ముందుకు విసరండి. రెండు పిల్లులు ఉంటే వేరువేరు గదుల్లో, వేరువేరు బొమ్మలతో ఇవ్వాలి. మొదటిసారి ఇచ్చేటప్పుడు ఈ ఏర్పాటు తప్పనిసరి. ఒకే బొమ్మ కోసం గుర్రుమనడం, చెవులు వెనక్కి వాల్చడం కనబడితే బొమ్మను తీసేసి ఇద్దరినీ విడిగా చల్లబడనివ్వాలి. విడిగా ఇచ్చినా ప్రతిసారీ ఇదే తంతు అయితే ఆ పిల్లికి క్యాట్‌నిప్ మానేయడం మేలు. బొమ్మ లేకపోయినా దానికి లోటు ఉండదు.

సమస్య: ఆకు తిన్నాక వాంతి చేసుకుంది

క్యాట్‌నిప్‌కు పిల్లి బానిస కాదు, కాస్త తిన్నా ప్రమాదం లేదు. ఎక్కువ తింటే మాత్రం కడుపు చెడి వాంతో, విరేచనాలో అవుతాయి. ఆకు తీసేసి నీళ్లు అందుబాటులో ఉంచితే చాలావరకు అవే తగ్గుతాయి. ఈసారి చిటికెడే ఇవ్వండి. క్యాట్‌నిప్ నుంచి తీసిన గాఢమైన తైలాన్ని మాత్రం పిల్లికి పూయవద్దు, నాకనివ్వవద్దు. కడుపుతో ఉన్న పిల్లికి పశువైద్యుడిని అడగకుండా ఏ రూపంలోనూ ఇవ్వవద్దు.

అసలు భయపడవలసినది ఆకు గురించి కాదు, బొమ్మ గురించి. ఊడిన దారం, రిబ్బను, ఈక, చిన్న గంట పిల్లి పొట్టలోకి వెళితే పేగుకు అడ్డం పడవచ్చు. దారమైతే పేగును కోసేయగలదు కూడా. వాంతులు ఆగకపోయినా, తిండి మానేసినా, మూలన నక్కి కూర్చున్నా బొమ్మలో ఏం తగ్గిందో చూసి, మిగిలిన ముక్కలతో సహా పిల్లిని వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలి. నోటి నుంచి గాని మలద్వారం నుంచి గాని దారం వేలాడుతూ కనిపిస్తే దానిని లాగకూడదు.

సమస్య: కుండీలో పెంచిన మొక్కను పిల్లి పట్టించుకోవడం లేదు, లేదా మొక్కనే మిగల్చడం లేదు

ఈ రెండింటికీ మూలం ఒకటే. నలగని ఆకు నుంచి వాసన తక్కువగా వస్తుంది, నలిగితే ఒక్కసారిగా ఎక్కువవుతుంది. పట్టించుకోని పిల్లి ముందు రెండు ఆకులు నలిపి పడేయండి. ఆ రుచి మరిగాక అది కుండీలోనే పడుకుని మొక్కను తొక్కేస్తుంది గనుక చుట్టూ తీగవల కట్టి, వలలోంచి బయటికి వచ్చిన కొమ్మలను మాత్రమే దానికి వదలాలి. ఇది చల్లని ప్రాంతపు మొక్క కాబట్టి మన మైదానాల్లో వానలు తగ్గిన తరువాత విత్తనం వేసి, పూత దశలో కొమ్మలు కోసి నీడలో ఆరబెట్టుకుంటే, మార్కెట్లో దొరికే కాడల పొడితో పని ఉండదు.