ఎయిర్ రైఫిల్ గ్రూప్ విచ్చుకుంటోందా? ముందు పెల్లెట్ కొలత చూడండి

ఒడిశాలోని బరంపురం, రాయగడ, జయపురం వైపు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకునేవాళ్ళు షాట్ల గుంపు (గ్రూప్) విచ్చుకుని స్కోరు పడిపోగానే సైట్ల (గురి చూసే అమరిక) మీదో, చేతి మీదో తప్పు నెట్టేస్తారు. ఇంకొందరు రైఫిల్‌ను నేరుగా హైదరాబాద్ రిపేరుకు పంపేస్తారు. ఈ రెండింటికీ ముందు రైఫిల్ గొట్టానికీ (బారెల్) అందులో వేసే సీసపు గుండుకూ (పెల్లెట్) కుదురుతోందో లేదో తేల్చుకోవాలి. ఇక్కడ చెప్పేది గాలి సిలిండర్‌తో నడిచే మ్యాచ్ రైఫిళ్ళ గురించి.

రెస్ట్ (ఆనించే దిమ్మ) మీద పెట్టి కాల్చినా గ్రూప్ 8 మి.మీ. వస్తోంది

పెల్లెట్ తల బారెల్ గాడుల మీద ఆనుకుని నడుస్తుంది. వెనకనున్న పల్చటి స్కర్ట్ గాలి పక్కలకు జారకుండా మూస్తుంది. తల చిన్నదైతే పెల్లెట్ కాస్త ఒరిగి బయటికొస్తుంది. పెద్దదైతే బిగుసుకుని వేగం ఒక్కో షాట్‌కు ఒక్కోలా ఉంటుంది. మ్యాచ్ పెల్లెట్లు 4.49, 4.50, 4.51, 4.52 మి.మీ. తల కొలతల్లో దొరుకుతాయి. డబ్బా మీది అంకె చూసి నిర్ణయించకండి. ఏది సరిపోతుందో మీ బారెలే చెప్పాలి.

రైఫిల్‌ను రబ్బరు పెట్టిన వైస్‌లో (బల్లకు బిగించే పట్టు పరికరం) బిగించండి. పట్టు రిసీవర్ (బారెల్ అమరే మధ్య భాగం) మీదో, స్టాక్ (భుజానికి ఆనించే కట్టడం) కింది రైలు మీదో ఉండాలి, బారెల్ మీద ఉండకూడదు. పెల్లెట్ మార్చిన ప్రతిసారీ మొదటి 10 షాట్లు లెక్కలోకి తీసుకోకండి, బారెల్ ఆ సీసానికి అలవాటుపడాలి. తర్వాత ఒక్కో కొలతకు 10 షాట్ల గ్రూపులు ఐదు తీయండి. ఒక్క గ్రూప్ బాగా వచ్చిందని డబ్బాలు కొనేయొద్దు. రంధ్రాల బయటి అంచు నుంచి బయటి అంచు వరకు వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి, పెల్లెట్ వ్యాసం 4.5 మి.మీ. తీసేయండి.

లెక్క ఇలా ఉంటుంది. బయటి కొలత 8 అయితే చివరి రంధ్రాల కేంద్రాల మధ్య దూరం 3.5 మి.మీ. అంటే గురి తప్పకపోయినా అంచున పడే షాట్ టార్గెట్ కేంద్రానికి 1.75 మి.మీ. దూరంలో, 10.3 స్కోరు దగ్గర ఉంటుంది (ఒక షాట్‌కు గరిష్ఠం 10.9). బయటి కొలత 5.5 అయితే టార్గెట్ కేంద్రానికి ఉన్న దూరం 0.5 మి.మీ.కి తగ్గుతుంది, అదే షాట్ 10.8. ఒక్కో దశాంశానికి 0.25 మి.మీ. కాబట్టి 60 షాట్ల మ్యాచ్‌లో ఈ తేడా చిన్నది కాదు. బయటి కొలత 6 లోపు వస్తే ఆ పెల్లెట్ వాడండి, 7 దాటితే వదిలేయండి. నచ్చినది దొరికాక డబ్బా మీది లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) నంబరు రాసుకుని సీజన్‌కు సరిపడా అదే లాట్ తీసుకోండి. కొలత అదే అయినా లాట్ మారితే మళ్ళీ పరీక్షించాల్సిందే.

షాట్లు పైకీ కిందికీ వరసగా పడుతున్నాయి

ఇది వేగం తేడా. 170 మీ/సె వేగంతో పెల్లెట్ 10 మీటర్లలో దాదాపు 17 మి.మీ. కిందికి జారుతుంది. వేగం 5 మీ/సె తగ్గితే ఇంకో 1 మి.మీ. దిగుతుంది. సిలిండర్ ఒత్తిడి మాన్యువల్ చెప్పిన కనీసం కంటే పడిపోయిందేమో ముందు చూడండి. తర్వాత బ్రీచ్ (పెల్లెట్ వేసే చోటు) దగ్గర సన్నటి టిష్యూ ముక్క పెట్టి కాల్చండి. అది ఎగిరితే ఓ-రింగ్ (గాలి కారకుండా మూసే రబ్బరు వలయం) అరిగినట్టే. సిలిండర్ విప్పి, మిగిలిన గాలి వదిలేసి, చెక్క టూత్‌పిక్‌తో పాతది తీసి కొత్తది వేయండి, సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. సూది వాడితే గాడి గీసుకుపోతుంది. ఎక్కువ ఒత్తిడి గాలి తగిలేచోట పెట్రోలియం నూనె ప్రమాదం, వాడకండి. ఇవన్నీ చేసినా క్రోనోగ్రాఫ్‌లో (వేగం కొలిచే పరికరం) 10 షాట్ల తేడా 5 మీ/సె దాటితే రెగ్యులేటర్‌ను (గాలి ఒత్తిడిని నిలకడగా ఉంచే భాగం) అనుమానించాలి. అది మెకానిక్ పని.

పదిలో ఒకటి ఎటో పోతోంది

స్కర్ట్ నొక్కుకుపోయిన పెల్లెట్. ఘాట్ రోడ్డు బస్సులో డబ్బా కుదుపులకు లోపలి పెల్లెట్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. మూత కింద స్పాంజి పెట్టండి. అద్దం పలక మీద దొర్లిస్తే బాగున్నది సాఫీగా వంపు తిరుగుతుంది, నొక్కుడు పడ్డది తడబడుతుంది. కింద పడిన పెల్లెట్ మళ్ళీ మ్యాచ్‌కు పనికిరాదు. బరంపురం లాంటి తీరప్రాంతంలో గాలి తేమకు సీసం మీద తెల్లటి పొడి పడుతుంది. అలాంటివి పారేయండి, నోటితో ఊదకండి. డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి ఉంచండి.

మొదట బాగుండి మెల్లగా విచ్చుకుంది

బారెల్లో సీసం పేరుకుంది. బ్రీచ్ వైపు నుంచి, బారెల్ శుభ్రం చేసే నూనె చుక్క అద్దిన ఫెల్ట్ పెల్లెట్ (మెత్తటి ఉన్ని గుండు) ఒకటి, తర్వాత పొడివి తెల్లగా వచ్చేదాకా పంపండి. లోహపు బ్రష్ వద్దు. శుభ్రం చేశాక మొదటి షాట్లు తప్పుతాయి, ఆ వెంటనే గ్రూప్ కొలవకండి. స్టాక్ బోల్టులు కూడా ఒకసారి సరిచూడండి.

స్ప్రింగ్ రైఫిల్ అయితే వైస్ పరీక్ష పనికిరాదు. బిగిస్తే దాని రికాయిల్ (వెనక్కి తన్నే) తీరు మారిపోతుంది. మెత్తటి సంచి మీద ఆనించి, రోజూ పట్టుకునేంత పట్టుతోనే కాల్చి చూడండి. ఏ రైఫిలైనా పెల్లెట్లు ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కున్నాకే టీ, టిఫిన్.