విండోస్ పక్కన లినక్స్ వేసే ముందు

విండోస్ 10 ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. పక్కనే లినక్స్ (విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకునేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

- ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, రెండు మూడు తెరిచి చూడండి. ఇన్‌స్టాలర్‌లో ‘డిస్క్ మొత్తం చెరిపేయి’ అన్నది పొరపాటున ఎంచుకుంటే విండోస్‌తో సహా అన్నీ పోతాయి. డిస్క్‌ను సైజుతో గుర్తుపట్టండి. విండోస్‌లో 476 జీబీ అని ఉన్నదే ఇన్‌స్టాలర్‌లో 512 అని కనిపించవచ్చు. లెక్కపెట్టే పద్ధతి వేరు, అంతే; టెన్షన్ పడకండి.

- బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. బూట్ సెట్టింగులు మారితే అడగొచ్చు. ఆ కీ లేకపోతే మీ డేటా మీకే అందదు.

- ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాదు, లినక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో రాస్తే ఫైళ్లు పాడవ్వొచ్చు.

- విండోస్ యూఈఎఫ్ఐ మోడ్‌లో (పాత బయోస్ స్థానంలో వచ్చిన బూట్ పద్ధతి) ఉంటే లినక్స్ ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్‌నూ అదే మోడ్‌లో బూట్ చేయండి.

- ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే ఉంచండి.