ఇంటి నుంచి ఇంటర్న్‌షిప్ చేసేవాళ్లకు: సాయంత్రానికి పుష్ చేసేయండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇంట్లోంచే ఇంటర్న్‌షిప్ చేస్తున్న ఎంసీఏ, ఎంటెక్ తమ్ముళ్లూ చెల్లెళ్లూ, తుపాన్ల సీజన్ వచ్చేలోగా సాయంత్రానికి కోడ్ పుష్ చేయడం, అంటే సర్వర్‌కి పంపడం, అలవాటు చేసుకోండి. గిట్‌లో, అంటే కోడ్ మార్పుల్ని గుర్తుపెట్టుకునే టూల్‌లో, కమిట్ చేయడానికి (మార్పుల్ని నమోదు చేయడానికి) నెట్ అక్కర్లేదు. కరెంటు పోయినా బ్యాటరీ ఉన్నంతసేపు చిన్న చిన్న కమిట్లు చేసుకోవచ్చు. కానీ అవన్నీ మీ లాప్‌టాప్‌లోనే ఉంటాయి. స్టాష్‌లో (కమిట్ చేయకుండా తాత్కాలికంగా పక్కన పెట్టే చోట) పెట్టిందైతే పుష్ చేసినా సర్వర్‌కి వెళ్లదు. అందుకే పని సగంలో ఉన్నా సరే, వేరే బ్రాంచ్ (అసలు కోడ్‌ని కదపకుండా విడిగా పని చేసుకునే శాఖ) తీసి అందులో కమిట్ చేసి, ఫోన్ హాట్‌స్పాట్‌తోనైనా సాయంత్రం పుష్ చేసేయండి. కొత్త మార్పులే వెళ్తాయి కాబట్టి డేటా పెద్దగా అవదు. 2018లో తిత్లీ తుపానప్పుడు పలాస వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు మీ మెంటర్ ఆ బ్రాంచ్ చూసి పని ముందుకు తీసుకెళ్లగలరు. పాస్‌వర్డ్‌లున్న ఫైలు మాత్రం ముందే గిట్ ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) రాసేయండి.